విరేచనాలు కట్టే మాత్ర: వేసుకునే ముందు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

ఎండలు ముదిరినప్పుడు, మళ్లీ తొలకరి పడ్డాక విరేచనాలతో బాధపడేవారి సంఖ్య పెరగడం మన పట్టణాలకు కొత్త కాదు. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆ నగరంలో సాక్చి పక్కనే ఉన్న కాసిడీహ్ వంటి పేటలో మందుల దుకాణం నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. తెల్లవారితే డ్యూటీకి వెళ్లాలి, లేదా రాత్రికి టాటానగర్ స్టేషన్‌లో రైలెక్కాలి. అలాంటప్పుడు ‘దస్త్ బంద్ కర్నే కీ గోలీ’ అని హిందీలో అడిగి నాలుగు మాత్రలు తెచ్చుకోవడం, రెండు వేసుకుని మిగిలినవి ఇంట్లో డబ్బాలో పడేయడం చాలామందికి అలవాటు. ఆ డబ్బాలోని మాత్రే తర్వాత ఇంకొకరికి విరేచనాలైనప్పుడు బయటికి వస్తుంది.

ఈ మాత్రలు మంచి మందులే. డాక్టర్ చూసి, తగిన వారికి, తగిన మోతాదులో ఇచ్చినప్పుడు ఎంతో ఉపశమనం ఇస్తాయి. కానీ వీటిలో కొన్నింటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం చెబుతోంది. పిల్లలకు ఇచ్చే రూపాల్లో తయారుచేయడాన్నే మన దేశం నిషేధించింది. ఇంత కట్టడి ఎందుకో తెలియాలంటే ఈ మందు పొట్టలో ఏం చేస్తుందో, ఏం చేయదో ముందుగా తెలుసుకోవాలి.

విరేచనం అంటే లెక్క తప్పిన నీరు

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి పేగుల్లోకి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో మనం తాగేది, తినేది కలిపి 2 లీటర్ల దాకా ఉంటుంది. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు గోడలు స్రవించే నీరు. ఈ 9 లీటర్లలో అత్యధిక భాగాన్ని చిన్నపేగు, మిగిలినదాన్ని పెద్దపేగు తిరిగి పీల్చుకుంటాయి. చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే.

ఈ లెక్క రెండు రకాలుగా తప్పుతుంది. పేగు గోడ దెబ్బతిని నీటిని సరిగా పీల్చుకోలేకపోవడం ఒకటి. ఏదైనా విషపదార్థం వల్ల పేగు గోడే అతిగా నీరు స్రవించడం రెండోది. కలరాలో జరిగేది ఈ రెండోదే. కలరా క్రిమి వదిలే విషమే ఈ వరదకు కారణమని 1959లో కలకత్తాలో పనిచేస్తున్న శంభునాథ్ డే ప్రయోగాలతో నిరూపించారు. క్రిములను వడకట్టి తీసేసిన ద్రవాన్ని ఎక్కించినా కుందేలు పేగు నీటితో ఉబ్బిపోవడం ఆయన చూపించారు.

ఇక విరేచనాలకు కారణాలు ఎన్నో. వైరస్‌లు, బ్యాక్టీరియా, అమీబా వంటి పరాన్నజీవులు, కలుషితమైన ఆహారం, పాలు పడకపోవడం, థైరాయిడ్ సమస్య, పేగు పూత, చివరికి మనం వాడే మందులు కూడా. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, కొన్ని యాంటీబయాటిక్‌లు, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌లు విరేచనాలు కలిగించవచ్చు. తెలుగువారికి గర్వకారణమైన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూ కూడా దీర్ఘకాలం వేధించే విరేచనాల జబ్బే. ఆ రోగులకు కావలసింది ఫోలిక్ ఆమ్లం. దాన్ని కృత్రిమంగా తయారుచేయడంలో 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందమే విజయం సాధించింది. విరేచనం ఒక లక్షణం. దాని వెనకున్న జబ్బు ఏదో తేలితేనే సరైన మందు తేలుతుంది.

మాత్ర లోపల ఏముంది?

విరేచనాలు కట్టడానికి మన దగ్గర ఎక్కువగా వినిపించే మందులు రెండు. ఒకటి డైఫినాక్సిలేట్, రెండోది లోపెరమైడ్. రెండూ బెల్జియంకు చెందిన పాల్ జాన్సెన్ ప్రయోగశాలలోనే పుట్టాయి. డైఫినాక్సిలేట్‌ను 1956లో, లోపెరమైడ్‌ను 1969లో తయారుచేశారు. లోమోటిల్ అనే పేరుతో వచ్చింది మొదటిది, ఇమోడియం అనే పేరుతో వచ్చింది రెండోది. ఇప్పుడు అనేక కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నాయి.

రెండూ నల్లమందు కుటుంబానికి దగ్గరివే. నల్లమందు వాడేవారికి మలబద్ధకం వస్తుందని పాతకాలం నుంచీ తెలుసు. పేగు గోడలోని నరాలపై ఓపియాయిడ్ గ్రాహకాలు ఉంటాయి. ఈ మందులు వాటికి అతుక్కోగానే పేగు కదలికలు నెమ్మదిస్తాయి. లోపలున్నది ముందుకు కదలడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆ వ్యవధిలో పేగు మరికొంత నీటిని పీల్చుకోగలుగుతుంది. దాంతో విరేచనాల సంఖ్య తగ్గుతుంది.

లోపెరమైడ్ మెదడులోకి చేరకుండా అక్కడి రక్తనాళాల గోడల్లో ఒక రకమైన పంపు దాన్ని బయటికి నెట్టేస్తుంది. అందుకే మామూలు మోతాదులో మత్తు రాదు. డైఫినాక్సిలేట్ ఎక్కువ మోతాదులో మెదడుపైనా పనిచేస్తుంది. మత్తు కోసం ఎవరూ గుప్పెడు మాత్రలు మింగకూడదని దీనికి ఇంకో మందును కొద్దిగా కలుపుతారు. అదే అట్రోపిన్. ఒక్కో మాత్రలో 2.5 మిల్లీగ్రాముల డైఫినాక్సిలేట్, 0.025 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఉంటాయి. మోతాదు పెరిగితే అట్రోపిన్ నోరు ఎండబెడుతుంది, గుండె దడ పుట్టిస్తుంది, చూపు మసకబారుస్తుంది. మత్తు దొరకకముందే ఈ ఇబ్బందులు మొదలవ్వాలని ఈ ఏర్పాటు.

రాసెకడోట్రిల్ అనే మూడో మందు కూడా ఉంది. అది పేగు కదలికలను ఆపదు, పేగు అతిగా నీరు స్రవించడాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ‘విరేచనాల మాత్ర’ అని ఒకే పేరుతో పిలిచినా అన్నీ ఒకటి కావు. అట్టపై పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవడం అలవాటు చేసుకోవాలి.

విరేచనం ఆగినా నీటి నష్టం ఆగకపోవచ్చు

అన్నింటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇదే. పేగు కదలికలను నెమ్మదింపజేసే మందు క్రిమిని చంపదు, విషాన్ని తీసేయదు. కలరా వంటి జబ్బులో పేగు గోడ నీటిని స్రవిస్తూనే ఉంటుంది. మాత్ర వల్ల ఆ నీరు బయటికి రాకుండా పేగులోనే నిలిచిపోవచ్చు. మరుగుదొడ్డికి వెళ్లే అవసరం తగ్గింది కాబట్టి నయమైందనుకుంటాం. కానీ పేగులో నిలిచిన నీరు రక్తంలోకి చేరదు కాబట్టి, శరీరం దృష్టిలో అది పోయిన నీటి కిందే లెక్క. పొట్ట ఉబ్బుతుంటుంది, మనిషి నీరసిస్తుంటాడు, విరేచనాల సంఖ్య మాత్రం తక్కువగానే కనిపిస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఒంట్లో నీరు తగ్గిందని తెలిపే గుర్తులు నోరు ఎండిపోవడం, మూత్రం తగ్గడం, గుండె వేగం పెరగడం, మగతగా ఉండటం. అట్రోపిన్ కూడా నోరు ఎండబెడుతుంది, మూత్రం బిగపడుతుంది, గుండె వేగం పెంచుతుంది. డైఫినాక్సిలేట్ మగత తెస్తుంది. అంటే మందు ప్రభావం, నీటి కొరత చూడటానికి ఒకేలా ఉంటాయి. ‘మాత్ర వేసుకున్నాడుగా, అందుకే పడుకున్నాడు’ అని ఇంట్లోవారు అనుకునే అవకాశం ఉంది. అందుకే మాత్ర వేసుకున్న వ్యక్తి ఎన్నిసార్లు విరేచనానికి వెళ్లాడన్నది కాకుండా, ఎంత ద్రవం తాగాడు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లాడు, లేపితే మామూలుగా మాట్లాడుతున్నాడా అన్నవి గమనించాలి. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, పొట్టపై చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి వెళ్తున్నా ఆలస్యం చేయకూడదు.

ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిన వ్యక్తికి ముందు ఆ నీటిని భర్తీ చేయాలి. అది జరగకుండా ఈ మాత్ర ఇవ్వకూడదన్నది వైద్యుల నియమం.

ఈ మాత్ర ఎప్పుడు వద్దు?

మలంలో రక్తం లేదా చీము కనిపించినా, విరేచనాలతో పాటు ఎక్కువ జ్వరం ఉన్నా సొంతంగా ఈ మాత్ర వేసుకోకూడదు. షిగెల్లా వంటి క్రిములు పేగు గోడను తొలుచుకుని లోపలికి పోతాయి. వాటిని బయటికి తోసేయడానికి శరీరానికి ఉన్న మార్గాల్లో విరేచనం ఒకటి. 1973లో డ్యూపాంట్, హార్నిక్ అనే అమెరికా వైద్యులు షిగెల్లా సోకిన వాలంటీర్లపై చేసిన పరిశీలనను ప్రచురించారు. లోమోటిల్ తీసుకున్నవారిలో జ్వరం ఎక్కువ కాలం కొనసాగిందని అందులో తేలింది. రక్త విరేచనాలకు ముందు కట్టే మాత్ర ఇవ్వకూడదనడానికి ఆనాటి నుంచి ఇదొక ముఖ్య ఆధారంగా నిలిచింది.

ఏదైనా యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు గానీ, వాడిన కొన్ని వారాల్లో గానీ మొదలైన విరేచనాలను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. యాంటీబయాటిక్ వల్ల పేగులోని మేలు చేసే బ్యాక్టీరియా తగ్గిపోతే, క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పెరిగి విషం వదులుతుంది. అప్పుడు పేగు కదలికలను ఆపితే ఆ విషం లోపలే నిలిచి పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు. పేగు పూత వ్యాధి తీవ్రంగా ఉన్నవారికీ ఇదే ముప్పు ఉంది.

పైత్యనాళం మూసుకుపోవడం వల్ల వచ్చిన కామెర్లు ఉన్నవారు, పేగు కదలికలు ఆగిపోయినవారు డైఫినాక్సిలేట్ వాడకూడదు. కాలేయం, మూత్రపిండాల జబ్బులు, గ్లకోమా, ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం కష్టంగా వచ్చే సమస్య ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. గుండె లయ దెబ్బతిన్న చరిత్ర ఉన్నవారు లోపెరమైడ్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

పిల్లలకు ఇవ్వకూడదు

పెద్దవారి మాత్రను సగం చేసి, పావు చేసి పిల్లలకు ఇవ్వడం ఇళ్లలో జరిగే అత్యంత ప్రమాదకరమైన పొరపాటు. పిల్లల్లో ఈ మందు ఎలా పనిచేస్తుందో ముందుగా అంచనా వేయడం కష్టం. నీరు తగ్గిన పిల్లల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ.

1980ల చివర్లో పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో లోపెరమైడ్ చుక్కల మందు ఇచ్చిన పసిపిల్లల్లో పేగులు కదలకుండా ఆగిపోయి పొట్ట ఉబ్బిపోవడం వైద్యులు గమనించారు. కొందరు పిల్లలు చనిపోయారు. 1990లో ఈ వివరాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత ఆ చుక్కల మందు ఉపసంహరణకు గురైంది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల విరేచనాలకు ఏ మందులు పనికిరావో వివరిస్తూ ఒక పుస్తకం వెలువరించింది. భారత ప్రభుత్వం నిషేధించిన మందుల జాబితాలోనూ పిల్లల కోసం తయారుచేసే డైఫినాక్సిలేట్, లోపెరమైడ్, అట్రోపిన్, బెల్లడోనా ఉన్న విరేచనాల మందులు ఉన్నాయి. సిరప్ అయినా, మరే రూపమైనా ఇదే వర్తిస్తుంది.

పిల్లలు తెలియక ఈ మాత్రలు మింగితే ఇంకో చిక్కు ఉంది. డైఫినాక్సిలేట్ శరీరంలో డైఫినాక్సిన్‌గా మారి చాలా గంటలు పనిచేస్తుంది. అట్రోపిన్ వల్ల పొట్ట ఖాళీ కావడమూ ఆలస్యమవుతుంది. దీంతో మొదట మామూలుగానే ఉన్న బిడ్డకు, లేదా చికిత్సతో కోలుకున్నట్టు కనిపించిన బిడ్డకు తర్వాత ఊపిరి మందగించవచ్చు. మాత్ర మింగిన 30 గంటల వరకు కూడా ఇలా జరగవచ్చు. కాబట్టి ఒక్క మాత్ర మింగినట్టు అనుమానం వచ్చినా, పిల్లవాడు ఆడుకుంటూ ఉన్నా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు అట్టను కూడా పట్టుకెళ్లాలి. ఊపిరి మందగిస్తే నలాక్సోన్ అనే విరుగుడు ఇస్తారు. దాని పనితనం తక్కువ సేపే ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఇస్తూ, కనీసం ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు.

మిగిలిన మాత్రలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. తాతయ్య, నాయనమ్మల దిండు కింద, అల్మరా అంచున, హ్యాండ్‌బ్యాగులో వదిలేయకూడదు.

మోతాదు విషయంలో తొందర వద్దు

డాక్టర్ రాసిన మోతాదే సరైన మోతాదు. వయసు, బరువు, జబ్బును బట్టి అది మారుతుంది. అయితే దాటకూడని హద్దు తెలిసి ఉండటం మంచిది. పెద్దవారికి డైఫినాక్సిలేట్ రోజుకు 20 మిల్లీగ్రాములు, అంటే 8 మాత్రలు గరిష్ఠం. విరేచనాలు అదుపులోకి రాగానే దీన్ని తగ్గిస్తారు. లోపెరమైడ్‌ను సాధారణంగా మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత విరేచనమైన ప్రతిసారీ 2 మిల్లీగ్రాములు ఇస్తారు. డాక్టర్ పర్యవేక్షణలో రోజుకు 16 మిల్లీగ్రాములు మించకూడదు.

హఠాత్తుగా మొదలైన విరేచనాలు 48 గంటల్లో తగ్గుముఖం పట్టకపోతే మందు ఆపి డాక్టర్‌ను మళ్లీ కలవాలి. మాత్ర పనిచేయలేదని ఇంకో రెండు వేసుకోకూడదు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు. విరేచనం కట్టాక కోర్సు పూర్తి చేయాలన్న నియమం యాంటీబయాటిక్‌లకు చెందినది, ఈ మందులకు కాదు. అవసరం తీరాక డాక్టర్ సలహాతో ఆపేయాలి.

మోతాదు మితిమీరితే లోపెరమైడ్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఎక్కువ మోతాదులో అది గుండె విద్యుత్ లయను దెబ్బతీసి ప్రాణాంతకం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది.

వేరే మందులు, ఎండ, యంత్రాలు

నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు వాడేవారికి డైఫినాక్సిలేట్ తోడైతే మత్తు, ఊపిరి మందగింపు పెరుగుతాయి. మద్యం విషయమూ ఇంతే. మానసిక కుంగుబాటుకు అరుదుగా ఇచ్చే ఎంఏఓ నిరోధకాలతో కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ వంటి ఫంగస్ మందులు లోపెరమైడ్ స్థాయిని రక్తంలో పెంచుతాయి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి బీపీ మందులతో రాసెకడోట్రిల్ కలిస్తే ముఖం, పెదవులు వాచే అవకాశం ఉంది. ఇప్పటికే వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించాలి. విరేచనాలతో నీరు తగ్గినప్పుడు కొన్ని బీపీ, షుగర్ మందులు మూత్రపిండాలపై భారం వేస్తాయి. వాటిని కొనసాగించాలా, ఒకటి రెండు రోజులు ఆపాలా అన్నది డాక్టర్‌నే అడగాలి.

జంషెడ్‌పూర్ వంటి చోట ఇంకో రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడి ఉక్కు కర్మాగారం 1912లో తొలి ఉక్కు తీసింది. దాని చుట్టూ పెరిగిన నగరంలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. ఎండాకాలంలో ఈ నగరంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కొలిమి దగ్గర పనిచేసేవారికి ఆ వేడి అదనం. అట్రోపిన్ చెమటను తగ్గిస్తుంది. ఒంటిని చల్లబరిచే ప్రధాన మార్గం చెమటే. విరేచనాలతో నీరు, ఉప్పు పోయి ఉన్న మనిషి అట్రోపిన్ ఉన్న మాత్ర వేసుకుని వేడిలో పనిచేస్తే వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. చర్మం ఎర్రగా, పొడిగా మారి ఒళ్లు కాలిపోతుంటే దాన్ని మామూలు జ్వరం అనుకోకూడదు.

రెండోది మగత. ఈ మాత్ర వేసుకున్నాక తల తిరగడం, నిద్ర ముంచుకురావడం, చూపు మసకబారడం కొందరిలో కనిపిస్తాయి. క్రేన్ నడిపేవారు, ఎత్తులో పనిచేసేవారు, లారీ, ఆటో, మోటార్‌సైకిల్ నడిపేవారు మందు తమపై ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా ఆ పనులకు దూరంగా ఉండాలి. ఒక రోజు జీతం పోతుందన్న బాధ నిజమే. కానీ మగతలో క్రేన్ నడిపితే ప్రమాదం ఆ మనిషి ఒక్కడితో ఆగదు.

మాత్ర కన్నా ముందు ఓఆర్‌ఎస్

విరేచనాలతో వచ్చే మరణాల్లో ఎక్కువ నీరు, లవణాలు కోల్పోవడం వల్లే. వాటిని భర్తీ చేసే ఓఆర్‌ఎస్ శక్తిని లోకానికి చూపించింది జంషెడ్‌పూర్‌కు ఎంతో దూరం లేని పశ్చిమ బెంగాల్‌లోనే. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి రోగుల బంధువులే తాగించేలా ఏర్పాటు చేశారు. 30 శాతం దాకా ఉన్న మరణాల రేటు 3.6 శాతానికి పడిపోయింది. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

దీని వెనకున్న సూత్రం తేలికైనదే. కలరా విషం సోకినా పేగు గోడలో సోడియాన్ని, గ్లూకోజ్‌ను కలిపి లోపలికి తీసుకునే ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ఆ రెండింటి వెంట నీరూ వెళ్తుంది. అందుకే పాళ్లు ముఖ్యం. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న మిశ్రమంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. చక్కెర మరీ ఎక్కువైతే పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలను పెంచుతుంది. చక్కెర పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడటానికి వ్యతిరేకంగా హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనాలి.

పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీటికి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. ఏ ప్యాకెట్‌కు ఎంత నీరో దానిపైనే రాసి ఉంటుంది. మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, 24 గంటల్లో వాడాలి, మిగిలితే పారబోయాలి. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, పెద్దవారికి తాగగలిగినంత ఇవ్వాలి. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కూడా మంచివే. తల్లిపాలు ఆపకూడదు, అన్నం మాన్పించకూడదు. పిల్లలకు డాక్టర్ సలహాతో 14 రోజులు జింక్ ఇస్తే విరేచనాలు త్వరగా తగ్గుతాయి.

నీటి శుభ్రతనూ మరవకూడదు. జంషెడ్‌పూర్ తెలుగువారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. ఆ ప్రాంతంలోనే 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు ప్రబలి కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఒక ఇంట్లో, ఒక వీధిలో ఒకేసారి పలువురికి విరేచనాలు మొదలైతే ఎవరికి వారు మాత్రలు వేసుకుని ఊరుకోకుండా ఆరోగ్య సిబ్బందికి తెలియజేయాలి. నీటిని మరిగించి తాగాలి.

మందుల దుకాణంలో అడగవలసినవి

డైఫినాక్సిలేట్ మన దేశంలో షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ నియమం ప్రకారం దుకాణదారు డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి. రాసిన డాక్టర్, రోగి వివరాలు, మందు పేరు, ఎన్ని మాత్రలిచ్చారన్నది ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అట్టపై ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది.

అట్టలపై ఇంగ్లీషు, హిందీ ఉంటాయి, తెలుగు ఉండదు. ఇంట్లో పెద్దవారికి ఆ భాషలు చదవడం రాకపోతే ఈ ప్రశ్నలకు జవాబులు తెలుగులో ఒక కాగితంపై రాసి అట్టకు పిన్ను చేయండి.

• అసలు మందు పేరేమిటి?
• ఒక్కసారి ఎన్ని, రోజుకు గరిష్ఠంగా ఎన్ని?
• ఎప్పుడు ఆపేయాలి?
• నేను వాడే మిగతా మందులతో పడుతుందా?
• మగత వస్తుందా, ఎండలోకి వెళ్లవచ్చా?

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితులు

• మలంలో రక్తం, లేదా నల్లని మలం
• ఎక్కువ జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి
• మాత్ర వేసుకున్నాక పొట్ట ఉబ్బి గట్టిపడటం, గాలి కూడా పోకపోవడం
• ఆగని వాంతులు, ఏమీ తాగలేకపోవడం
• ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం
• మగత, అయోమయం, స్పృహ తప్పడం, ఊపిరి నెమ్మదించడం
• గుండె దడ, ముఖం లేదా పెదవుల వాపు
• బియ్యం కడుగులా ధారగా నీళ్ల విరేచనాలు

కాసిడీహ్ నుంచి బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కదలలేని స్థితి అయితే జార్ఖండ్‌లోనైనా, తెలుగు రాష్ట్రాల్లోనైనా 108కి ఫోన్ చేయవచ్చు. దారిలో కూడా, స్పృహలో ఉండి మింగగలిగితే, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగిస్తూనే ఉండాలి. ఏదైనా మందు వల్ల చెడు ప్రభావం కలిగిందని అనుమానం వస్తే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి ఉచిత నంబర్ 1800-180-3024కు రోగులు నేరుగా తెలియజేయవచ్చు.

ఈసారి ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ముందు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కోసం వెతకండి. రక్తం, జ్వరం, వయసు, ఇతర మందులు, ఈ నాలుగూ చూసుకోండి. విరేచనాలు కట్టే మాత్ర అవసరమో కాదో డాక్టర్‌ను చెప్పనివ్వండి. పాత డబ్బాలో మిగిలిపోయిన మాత్రలు ఎవరికో రాసినవి, ఎప్పుడో కొన్నవి. అవి ఈ రోజు జబ్బుకు తగినవని నమ్మడానికి వీల్లేదు.